బ్యాటరీ తప్పు కాదు

మా ఇంట్లో కారు నడపడం వచ్చింది మా ఆవిడ ఒక్కదానికే. నాకు రోడ్డంటే భయం. తెనాలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడిపినన్నాళ్లూ శుభలేఖల కట్టలు వెనక క్యారియర్‌కి కట్టుకుని సైకిలు మీదే తిరిగాను. స్కూటరు కొనుక్కోమని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ని. తను అలా కాదు. బాపట్లలో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేది. ఏళ్ల తరబడి పొద్దున్నే రైలెక్కి వెళ్లి, సాయంత్రం ఇంకో రైల్లో తిరిగొచ్చేది. రిటైర్మెంటు దగ్గరపడుతుండగా మోకాళ్లు పట్టేసి స్టేషన్లో వంతెన ఎక్కడం కష్టమైంది. అప్పుడు డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఈ వయసులో ఇదేం సరదా అని చుట్టాలు ముసిముసిగా నవ్వారు. లైసెన్సు చేతికొచ్చిన కొద్దిరోజులకే, ఎవరో వాడి అమ్మిన చిన్న కారొకటి కొని ఇంటి ముందు తెచ్చి ఆపింది.

మాకు పిల్లలు లేరు. ఆ కారు వచ్చాక మా ఆదివారాలు మారిపోయాయి. బాపట్ల దాటి సూర్యలంక సముద్రం దాకా వెళ్లేవాళ్లం. లేకపోతే రేపల్లెలో వాళ్ల చెల్లెలి ఇంటికి. నేను పక్క సీట్లో కూర్చుని వేరుశెనక్కాయలు వలిచి ఆమె చేతికి అందించేవాణ్ని. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నా కాలు నాకు తెలియకుండానే లేని బ్రేకును తొక్కేది. తను చూసి నవ్వేది.

"మీరు కళ్లు తెరుచుకునే కూర్చోండి. నేనేం గుద్దెయ్యను."

తను రిటైరైన తర్వాత ఒక వేసవిలో కారు మొరాయించింది. తాళం తిప్పితే ఇంజిను కాసేపు మూలిగి ఆగిపోతోంది. బ్యాటరీ అయిపోయిందని తనే తేల్చింది. పక్కింటాయన చేత తోయించి స్టార్ట్ చేసి, బస్టాండు దగ్గరున్న బ్యాటరీల షాపుకి పోనిచ్చింది. ఎప్పట్లాగే నేను పక్కన కూర్చున్నాను.

షాపాయన ముస్లిం. యాభై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, మెత్తని మాట. బానెట్ ఎత్తి చూసి, "మార్చాల్సిందేనండి మేడమ్. ఇంకాస్త పెద్దది వేయమంటారా? పవరు ఎక్కువుంటుంది" అన్నాడు.

"మా కారుకి అంత అక్కర్లేదండి. పైగా పెద్దది ఆ ట్రేలో కూర్చోదు. పాతది ముప్ఫై అయిదు యాంపియర్లది. అదే ఇవ్వండి."

ఆయన లోపలికెళ్లి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తను కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఇది కాదండి. దీనికి ప్లస్ కుడిపక్కనుంది. మాకు ఎడమపక్కనుండాలి. లేకపోతే వైరు అందదు."

"నిజమేనండీ, పక్క అరలోది తీశాను" అని ఆయన నవ్వి ఇంకోటి తెచ్చాడు. తను దాన్నీ అటూ ఇటూ తిప్పించింది. తయారైన నెల ఎక్కడ వేస్తారో చూపించమంది. చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది వచ్చి చాలా నెలలైందే. అరలో ఊరికే కూర్చున్నా బ్యాటరీ దిగిపోతూనే ఉంటుందండి. మొన్నొచ్చిన సరుకులోంచి ఇవ్వండి."

"టీచరుగారాండి మీరు?"

"ఎలా తెలిసింది?"

"నన్ను బెంచీ ఎక్కించినట్టుందండి" అన్నాడాయన. అందరం నవ్వుకున్నాం. కొత్త బ్యాటరీ పెట్టించుకుని బయటికొచ్చాం. తను తాళం ఇలా తిప్పిందో లేదో ఇంజిను అందుకుంది. ఎడమపక్క, కుడిపక్క అని నాకు దారిపొడుగునా పాఠం చెప్పింది. నేను ఊకొడుతూ దుకాణాల బోర్డుల మీద అక్షరాలు చూసుకుంటూ కూర్చున్నాను. అది నా వృత్తిలోంచి వచ్చిన అలవాటు.

వానలు మొదలయ్యాక ఒకరోజు కూరగాయలకని బయల్దేరబోతే కారు కిక్కురుమనలేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక్క దీపమూ వెలగలేదు. తనకి కోపం వచ్చింది. కొత్త బ్యాటరీ ఇలా ఎందుకవుతుందని షాపుకి ఫోను చేసి గట్టిగా అడిగింది. ఆయన మనిషిని పంపి బ్యాటరీ తీయించి, ఛార్జింగు పెట్టి మళ్లీ బిగించాడు. కొన్నాళ్లు బానే ఉంది. తర్వాత మళ్లీ అదే వరస. ఈసారి ఆయన మారు మాట్లాడకుండా వారంటీ కింద కొత్తది ఇచ్చాడు. డైనమో సరిగా ఛార్జి చేస్తోందో లేదో చూడమని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపాడు. అతను మీటరు పెట్టి వైర్లన్నీ వెతికాడు. ఎక్కడా కరెంటు కారిపోవడం లేదన్నాడు.

ఆ కొత్తది కూడా దీపావళి వెళ్లాక పడుకుంది.

ఆ రోజు తను షాపులో నిలబడి మాట్లాడిన తీరు నాకు కొత్తగా అనిపించింది. ముప్ఫై ఏళ్లకు పైగా కాపురం చేశాను; పరాయి మనిషి మీద గొంతు లేపడం చూడలేదు.

"మీరు నన్ను మోసం చేస్తున్నారు. పాత సరుక్కి కొత్త స్టిక్కరు వేసి ఇస్తున్నారు. ఇంకెక్కడికైనా వెళ్తాను."

షాపాయన మొహం చిన్నబోయింది. "అలా అనకండి మేడమ్. మా నాన్నగారి కాలం నుంచి ఉందండి షాపు" అన్నాడు. నేను తనని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. మర్నాడు ఆయనే మనిషి చేత ఇంకో కొత్త బ్యాటరీ పంపి బిగింపించాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లో కూడా చిన్న చిన్నవి జరుగుతూ వచ్చాయి. పాలు రెండుసార్లు తోడుపెట్టేది. ఎదురింటి అమ్మాయిని ఆ అమ్మాయి తల్లి పేరు పెట్టి పిలిచేది. వయసు మీదపడుతోంది మనకి, అని ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నేనూ కళ్లజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవాణ్నే.

ధనుర్మాసంలో ఒక పొద్దున తను చెల్లెల్ని చూసొస్తానని ఒక్కతే రేపల్లె బయల్దేరింది. మా మరదలు భర్త పోయాక అక్కడే ఒక్కతే ఉంటూ జాకెట్లు కుడుతుంది. నాకు జలుబు చేసి వెళ్లలేదు. బయట మంచు దట్టంగా ఉంది, వీధి చివర కరెంటు స్తంభం కూడా కనిపించడం లేదు. "లైట్లు వేసుకుని నెమ్మదిగా పో" అన్నాను. వేసుకునే వెళ్లింది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి చేతిసంచీతో నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చింది. కాళ్లు కడుక్కుని, చెల్లెలిచ్చిన అరిసెలు డబ్బాలో సర్దుతోంది. అప్పుడు నా ఫోను మోగింది. మరదలు.

"బావగారూ, అక్క వచ్చేసిందాండి?"

"ఇప్పుడే వచ్చిందమ్మా."

"ఎలా వచ్చిందండి? బజారుకెళ్లొస్తానని మధ్యాహ్నమనగా వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఫోను ఇక్కడే పెట్టి మర్చిపోయింది. ఇంతసేపూ వీధులన్నీ వెతికానండీ. కారేమో మా గుమ్మం ముందే ఉంది. దానికి లైట్లు కూడా వెలుగుతున్నాయి, బాగా ఎర్రబడిపోయి."

నేను ఫోను పట్టుకుని తన వైపు చూశాను. తను అరిసె ముక్క తుంచి నా నోటి దగ్గర పెట్టింది. "తినండి, నువ్వులు బాగా వేసింది."

"నువ్వు ఎలా వచ్చావు?"

"రైల్లో. ఎలా వస్తాను?"

"కారేది?"

"షెడ్డులో ఉంది. ఎక్కడుంటుంది?"

నా మొహంలో ఏం చూసిందో, డబ్బా కింద పెట్టి పెరటి తలుపు తీసుకుని షెడ్డు దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. ఖాళీ షెడ్డులో నేల మీద నల్లటి ఆయిలు మరక, మూల ఒక పాత టైరు. తను మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఎవరో తీసుకుపోయారండీ."

"లేదు. రేపల్లెలో ఉంది. నువ్వే నడుపుకుంటూ వెళ్లావు."

తను లోపలికెళ్లి చేతిసంచీ తెచ్చి వెతికింది. అందులో కారు తాళంచెవీ ఉంది, రైలు టిక్కెట్టూ ఉంది. రెండూ రెండు అరచేతుల్లో పెట్టుకుని షెడ్డు మెట్టు మీద కూర్చుంది. ఎవరో కుర్రాడు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పాడో కనిపెట్టడానికి చూసే చూపు ఒకటుండేది తనకి. అలా చూస్తూ కూర్చుంది.

"బజారుకని బయల్దేరాను" అంది మెల్లగా. "స్టేషన్ కనిపించింది. స్కూలు అయిపోయింది, ఇంటికెళ్లాలి అనిపించింది. అంతే. కారు సంగతే లేదు నా తలలో."

మర్నాడు ఇద్దరం పొద్దుటి రైల్లో రేపల్లె వెళ్లాం. పెట్టె దాదాపు ఖాళీ. కిటికీలోంచి కోసిన పొలాల మీద మంచు కనిపిస్తోంది. వేమూరు, భట్టిప్రోలు అన్నీ వచ్చి వెళ్లిపోయాయి. తను ఒక్కో స్టేషను పేరూ పెదవులు కదుపుతూ చదువుకుంది. అప్పగించిన పాఠం మర్చిపోకుండా చదువుకుంటున్నట్టు.

మరదలి ఇంటి ముందు కారు చచ్చిపోయి ఉంది. లైట్ల స్విచ్చు ఇంకా వేసే ఉంది. ఆర్పకుండా తలుపు తీస్తే కూతపెట్టే ఏర్పాటు మా పాత కారులో లేదు. అక్కడ నిలబడి చూశాక నాకు తెలిసింది, అంతకుముందు పడుకున్న బ్యాటరీలన్నీ ఎందుకు పడుకున్నాయో. వాన కాలంలో మబ్బు పట్టిన పగళ్లు, లైట్లు వేసుకుని వెళ్లి రావడం, ఇంటికొచ్చాక వాటి సంగతి మర్చిపోవడం. షెడ్డు తలుపు వేసేస్తే ఎవరికీ కనిపించదు. నాతో పాటే తనకీ తెలిసింది.

ఆ వీధిలో రైస్ మిల్లు ముందు ఆగిన లారీ డ్రైవరు తన బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేయించాడు. "లైట్లు వెలుగుతున్నాయా, హారను మోగుతోందా చూడండమ్మా" అన్నాడు. తను అన్నీ వేసి చూసింది.

ఇక ఎవరు నడపాలి? నాకు రాదు, మరదలికి రాదు. తను డ్రైవరు సీట్లో కూర్చుని నా వైపు చూసింది.

"భయమేస్తోందా?"

"లేదు" అన్నాను.

పక్కన కూర్చున్నాను. చెప్తే నమ్మరు, తను అంత చక్కగా ఎప్పుడూ నడపలేదు. సైకిళ్లకి దారిచ్చింది. ధాన్యం ట్రాక్టర్ల వెనక ఓపిగ్గా ఆగింది. మలుపుల దగ్గర గేరు మార్చడం కూడా తెలియనంత మెత్తగా మార్చింది. ఇల్లు చేరి షెడ్డులో ఆపి ఇంజిను కట్టేసింది. ఎదురు గోడ మీద రెండు వెలుగు చుక్కలు అలాగే ఉన్నాయి. తను తలుపు తీసి ఒక కాలు బయటపెట్టింది. నేను వంగి స్టీరింగు పక్కనున్న లైట్ల స్విచ్చు తిప్పాను. గోడ చీకటైంది.

తను నా చేతిని చూసింది. దిగబోయేది మళ్లీ కూర్చుంది. తాళంచెవి ఊడదీసి, నా అరచెయ్యి తెరిచి, అందులో పెట్టి వేళ్లు మూసింది.

"ఇంక మీ దగ్గరుంచండి" అంది.

గుంటూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చిన్నవాడే, మర్యాదగా మాట్లాడాడు. ఏవో మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. తర్వాత ఉద్యోగం గురించీ బాపట్ల గురించీ కబుర్లు చెప్పించి, ఆ మాటలు మళ్లీ అడిగాడు. తను రెండు చెప్పింది. మూడోది రాలేదు. అది నిమ్మకాయ. నాకు నోటి చివరిదాకా వచ్చింది. పరీక్షల్లో పక్కవాడికి పెదవి కదిపి అందించే పిల్లవాడిలా అందిద్దామా అనిపించింది. తను నా వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. కాపీ కొట్టడం తనకెప్పుడూ గిట్టదు.

స్కానింగు అయ్యాక డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. మందులతో కాస్త నెమ్మదిస్తుందేగానీ వెనక్కి తిరగదన్నాడు. బయటికొచ్చాక ఆస్పత్రి ముందు కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడ్డాం. తను నీళ్లు తాగి, నోరు తుడుచుకుని అంది:

"అయితే బ్యాటరీ తప్పు కాదన్నమాట."

"కాదులే. పోనియ్."

"పోనివ్వడమేంటండీ? ఆ మనిషిని దొంగన్నాను నేను. నాకు ఇంకా గుర్తున్నప్పుడే వెళ్లి చెప్పాలి."

తెనాలిలో దిగి నేరుగా షాపుకే నడిచింది. షాపాయన మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఇంకో గొడవనుకున్నట్టున్నాడు. తను బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"మీ బ్యాటరీల్లో లోపం లేదండి. మూడూ మంచివే. నేనే లైట్లు ఆర్పకుండా వదిలేశాను. ఆర్పలేదన్నది నాకు గుర్తుండటం లేదు. డాక్టరు చెప్పారు, ఇంక ఉండదుట. ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటన్నాను. క్షమించండి."

ఆయన బల్ల చుట్టూ తిరిగొచ్చి కుర్చీ లాగాడు.

"కూర్చో అమ్మా. అంత మాటలెందుకమ్మా. మా అమ్మకీ ఇలాగే ఉండేది. నన్ను మా మామయ్యనుకునేది." ఇంతవరకూ మేడమ్ అనేవాడు, ఆ రోజు నుంచి అమ్మా అనడం మొదలుపెట్టాడు. టీ తెప్పించాడు. తాగి వచ్చేశాం. ఇంటికొచ్చాక, తేలికగా ఉందని చెప్పి తను కాసేపు పడుకుంది.

కారు షెడ్డులోనే ఉండిపోయింది. దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాం. ఆ ఏడు గడిచింది. తర్వాతి ఏడు తనకి మాటలు తగ్గాయి. వంటింట్లో నిలబడి ఏం చెయ్యాలో తెలియక డబ్బాల మూతలు తీసి పెడుతుండేది. ఒకటి మాత్రం తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ముందు గదిలోకొచ్చి నిలబడి, "వెళ్దామా?" అనేది. ఎక్కడికని అడిగితే చెప్పలేకపోయేది. ఆటోలో తిప్పితే ఆ కుదుపుకి భయపడి ఏడ్చేది. బస్సు ఎక్కించడం నా వల్ల కాదు.

అందుకని నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అరవై అయిదు దాటిన ముసలాణ్ని కాలేజీ పిల్లల మధ్య కూర్చోబెట్టారు. క్లచ్చు వదలడం రాక బండి గంతులేస్తుంటే వాళ్లు వెనక సీట్లో నవ్వు ఆపుకునేవాళ్లు. నేర్పించేవాడు, "తాతగారూ, రోడ్డు మీద చూడండి, నా మొహంలో కాదు" అని మొత్తుకునేవాడు. చెమటతో చొక్కా తడిసిపోయేది. ఎలాగో వచ్చింది. లైసెన్సూ ఇచ్చారు. దుప్పటి తీసి కారు తుడిచి తాళం తిప్పితే చప్పుడు లేదు. అంతకాలం కదలకుండా ఉన్నదానికి బ్యాటరీ పూర్తిగా పోయింది.

నాకు తోచిందల్లా పాత బ్యాటరీ ఊడదీయించి ఆటోలో పెట్టుకుని షాపుకి వెళ్లడం. ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక, ఆ దగ్గర దూరానికి బతిమాలి తననీ వెంట తీసుకెళ్లాను. షాపాయన మా ఆవిడకి కుర్చీ వేసి ఫ్యాను తిప్పాడు.

"ఎవరు నడుపుతారు సార్ ఇప్పుడు?"

"నేనే."

ఆయన నాలుగైదు రకాలు తెచ్చి వరసగా పెట్టాడు. ఒకటి చవకది, వారంటీ తక్కువ. ఒకటి పెద్దది. రెండు ఒకే కొలతవి, వాటికి ప్లస్ గుర్తులు చెరో పక్కనా ఉన్నాయి. వారంటీ ఎక్కువున్నది కాస్త ఖరీదు. నేను పాతదాని పక్కన ఒక్కోదాన్నీ పెట్టి చూసుకున్నాను. ఎత్తు, వెడల్పు, పైన బిగింపు కడ్డీ పట్టే చోటు. చూస్తూ చూస్తూ తలెత్తి తన వైపు చూశాను. ఏమన్నా అంటుందేమో, ఇది కాదు అది అని వేలు చూపిస్తుందేమో అని. తను గోడ మీది క్యాలెండరు చూస్తోంది. ఫ్యాను గాలికి కాగితం లేచి పడుతుంటే దానితో పాటు తలూపుతోంది.

"ఇది ఇవ్వండి" అన్నాను. ఎడమపక్క ప్లస్ ఉన్నదే.

"వారంటీ ఎక్కువది ఇమ్మంటారా, తక్కువది చాలా సార్?" అన్నాడు. అన్నాక మా ఆవిడ వైపు చూసి, గబగబా ఆ మాట మింగేసి, "ఎక్కువదే తీసుకోండి. కారు ఉంటుంది కదండీ" అన్నాడు. తీసుకున్నాను. తయారైన నెల చూడటం మర్చిపోయాను. ఆయనే చూపించాడు, కొత్తదే.

మొదట మా వీధి చుట్టూ తిప్పాను. తర్వాత పొన్నూరు రోడ్డు మీద కాలువ వెంట కొంతదూరం. తను కిటికీకి ఆనుకుని కూర్చునేది. కుదుపుల్లేని చోట తన మొహం విప్పారేది. ధైర్యం వచ్చాక ఒక ఉదయం బాపట్ల తీసుకెళ్లాను. తను పని చేసిన స్కూలు గేటు ముందు ఆపాను. బెల్లు కొట్టారు. యూనిఫారాల్లో పిల్లలు బయటికొచ్చి మా కారు చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. తను వాళ్లని చూసింది గాని గుర్తుపట్టినట్టు లేదు. బళ్లో అడుగుపెట్టని మనిషిలా చూసింది. కాసేపటికి నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది:

"బాబూ, ఇంటికి తీసుకెళ్తారా? మావారు ఎదురుచూస్తుంటారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

"అలాగేనండి" అన్నాను.

"ఆయనకి కారు నడపడం రాదు. భయం. అందుకని మిమ్మల్ని పిలిపించి ఉంటారు."

"మంచివారాండి మీవారు?"

కొంచెంసేపు ఆలోచించింది. "ఎక్కువ మాట్లాడరు. వేరుశెనక్కాయలు వలిచి పెడతారు" అంది.

పొన్నూరు దాకా రోడ్డు మసకమసకగా కనిపించింది. ఒకచోట పక్కకి తీసి ఆపి, కళ్లు తుడుచుకుని మళ్లీ బయల్దేరాను. ఇల్లు రాగానే నేను దిగి తలుపు తీశాను. తను దిగి, "చక్కగా నడిపారు బాబూ" అని చెప్పి లోపలికి వెళ్లింది. నేను కారు షెడ్డులో పెట్టి పెరటి వైపు నుంచి ఇంట్లోకి వెళ్లాను. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు ఎవరికోసమో అడగలేదు.

ఆ తర్వాత మరదలు రేపల్లెలో కుట్టుమిషను మూసేసి మా ఇంటికొచ్చి ఉంది. అక్కకి స్నానం చేయించడం, అన్నం కలిపి పెట్టడం అంతా ఆ అమ్మాయే చూసింది. మా ఆవిడ మంచం పట్టాక కారు ఎక్కించడం మానేశాం. పోయిన ఏడు వర్షాకాలంలో జ్వరం వచ్చింది. మందులకి లొంగలేదు. ఒక తెల్లవారుజామున మరదలు నన్ను లేపింది. నేను వెళ్లేసరికి తను ఇంకా ఉంది. చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు కదిపి నా చేతిని కాసేపు పట్టుకుంది. పొద్దెక్కేలోగా పోయింది.

బ్యాటరీల షాపాయన కబురు తెలిసి వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, అరుగు చివర కూర్చుని, చాలాసేపు ఉండి వెళ్లాడు.

కర్మకాండలన్నీ అయ్యాక మరదలు తన ఊరు వెళ్లిపోతానంది. ఇక్కడ ఉండిపొమ్మన్నాను. "ఇక్కడ ఏ గదిలోకెళ్లినా అక్కే కనిపిస్తోంది బావగారూ. అక్కడ నా మిషనుంది, నా పనుంది" అంది. కారులో దింపుతానన్నాను. సామాను డిక్కీలో పెట్టుకుని వచ్చి, ముందు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

వేమూరు దాటాం. నాట్లు పడిన పొలాలు రెండువైపులా పచ్చగా ఉన్నాయి. అద్దంలో ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చోవడం కనిపిస్తోంది. కాలువ వంతెన దగ్గరకొచ్చాక, "కాస్త ఆపండి" అంది. ఆపాను. దిగి, గట్టున నిలబడి, అన్నిరోజులూ అందరి ముందూ దాచుకున్నదంతా ఏడ్చింది. అక్కా అక్కా అని పిలుస్తూ ఏడ్చింది. సైకిలు మీద వెళ్తున్న ఒకాయన ఆగి, ఏమైందని నన్ను సైగ చేసి అడిగాడు. చేయి ఎత్తి ఏం లేదన్నాను. ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. నేను కారుకి ఆనుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి ఏడుపు చూస్తుంటే నాకూ వచ్చింది. అన్నిరోజుల్లో మొదటిసారి.

కొంతసేపటికి కాలువలో మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. సీసాలో నీళ్లు నాకూ ఇచ్చింది. ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంది.

"పోదాం పదండి బావగారూ" అంది. "ఇల్లు మూసి ఎన్నాళ్లైందో. చీకటి పడకముందే ఊడ్చుకోవాలి."